హోతా: పేరులో దాగిన గంతు

అక్టోబరు 12 వచ్చిందంటే స్పెయిన్‌లోని సరగోసా నగరంలో పిలార్ మాత పండుగ. అరగాన్ ప్రాంతానికి అది రాజధాని. అక్కడ హోతా అనే జానపద నృత్యం ఆడేవాళ్ల ముఖాలకన్నా ముందు పాదాలు చూడాలి. తాళ్లు అల్లిన అడుగుతో గుడ్డ చెప్పులు, చీలమండ చుట్టూ బిగించి కట్టిన నల్ల నాడాలు. గిటార్లు, వాటికన్నా చిన్నవైన బందూరియాలు తిశ్ర నడకలో పరుగెత్తుతుంటే, తలకన్నా పైకి ఎత్తిన చేతుల్లో కాస్టనెట్లు అనే చిడతలు టకటకలాడుతుంటాయి. అంతలో ఒక్క ఎగురు. నేలకు దిగీ దిగకముందే ఇంకొకటి.

ఈ నృత్యానికి హోతా అనే పేరు ఎందుకొచ్చింది? మన యజ్ఞాల్లో ఋక్కులు చదివే హోతకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదని ముందే చెప్పేస్తాను. స్పానిష్‌లో జె అక్షరం పేరు కూడా హోతాయే. ఆ అక్షరం పేరు గ్రీకు అయోటా నుంచి వచ్చింది. గ్రీకులో అది చిన్న గీతంత అక్షరం కాబట్టి, తనకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదని చెప్పడానికి స్పెయిన్‌వాళ్లు ‘ఒక్క హోతా కూడా అర్థం కాలేదు’ అంటారు. నృత్యం పేరుది మాత్రం వేరే వంశం. ఇద్దరిదీ ఒకే పేరు, అంతే.

అరగాన్‌లో చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది. 12వ శతాబ్దంలో అబెన్ హోత్ అనే మూర్ కవి, అంటే అప్పటి స్పెయిన్‌లోని ముస్లిం కవి, ఉండేవాడట. వలెన్సియా నుంచి అతణ్ణి వెళ్లగొడితే కలతాయూద్ ఊరు చేరి, అక్కడి జనానికి ఈ ఆటా పాటా నేర్పాడట. వినడానికి ఎంతో బాగుంది. నాకు అనుమానం వచ్చేదీ అక్కడే. పేరు ఎలా వచ్చిందో తెలియనప్పుడు ఆ పేరుగల మనిషినొకణ్ణి పుట్టించడం అన్ని దేశాల్లోనూ ఉన్న అలవాటే.

భాషా శాస్త్రజ్ఞులు పట్టుకున్న జాడ మనిషిది కాదు, ధ్వనిది. ఇప్పుడు గొంతులోంచి ‘హ’ లాగా పలికే ఈ అక్షరం 16వ శతాబ్దానికి ముందు ఇలా పలికేది కాదు. అప్పట్లో చాలా మాటల్లో ఎక్స్ అక్షరం రాసి ‘ష’ అని పలికేవారు. 1605లో అచ్చయిన దోన్ కిహోతే నవల శీర్షికలో ఉన్నది ఎక్సే. ఫ్రెంచివాళ్లు ఆ పేరును పాత పలుకుబడితోనే తీసుకున్నారు కాబట్టి ఇప్పటికీ ‘కిషోత్’ అంటారు. హెరెస్ ఊరి ద్రాక్షసారాయికి ఇంగ్లిషువాళ్లు పెట్టుకున్న షెర్రీ అనే పేరులోనూ ఆ పాత ‘ష’యే నిలిచింది. స్పెయిన్‌లో మాత్రం అది క్రమంగా గొంతులోకి జారింది. 1815లో అక్కడి భాషా అకాడమీ ఆ ధ్వనికి ఎక్స్ బదులు జె రాయాలని తేల్చింది. ఇదే దారిలో వెనక్కి నడిస్తే హోతా కాస్తా ‘షోతా’ అవుతుంది.

ఇంకొక మెట్టు దిగుదాం. లాటిన్ మాటల మొదట్లోని ‘స’ స్పెయిన్‌లో కొన్నిచోట్ల ‘ష’గా మారింది. లాటిన్‌లో సబ్బును ‘సాపో’ అనేవారు. పాత స్పానిష్‌లో అది ‘షబోన్’ అయింది, నేడు ‘హబోన్’. మన స్నానాల గదిలోని సబ్బు కూడా ఆ సాపో సంతతే, కాకపోతే మన దాకా వచ్చిన దారిలో ‘స’ చెక్కుచెదరలేదు. ఇక ‘అల్’ అనే ధ్వని కొన్ని మాటల్లో ‘ఔ’ మీదుగా ‘ఓ’ అయింది. ‘ఇంకొకటి’ అని చెప్పే లాటిన్ ‘ఆల్తెర్’ స్పానిష్‌లో ‘ఓత్రో’ అయినట్టే, ‘సల్తారే’ పాత స్పానిష్‌లో ‘సోతార్’ అయింది.

సల్తారే అంటే ఏమిటి? గంతులు వేయడం. రోమన్లకు నాట్యమాడటం అన్నా అదే మాట. మనం చిందు వేయడం అన్నప్పుడు ఎగురూ ఆటా ఒకే మాటలో ఇమిడిపోయినట్టే.

కాటలన్ భాషావేత్త జోన్ కొరోమినెస్ ఈ జాడను ముస్లిముల పాలనలోని స్పెయిన్‌లో సామాన్యులు మాట్లాడిన లాటిన్ సంతతి భాష దాకా తీసుకుపోయాడు. అక్కడ ‘గంతు’ అనే అర్థంలో ‘షౌతా’ అనే మాట ఉండి ఉంటుందన్నాడు. ‘స’ అప్పటికే ‘ష’ అయింది, ‘అల్’ ఇంకా ‘ఔ’ దగ్గరే ఆగి ఉంది. ఈ మాట ఏ రాతలోనూ దొరకలేదు, ధ్వనుల లెక్క కట్టి తేల్చినది. అందుకే నిఘంటువుల్లో దాని ముందు చిన్న నక్షత్రం గుర్తు పెడతారు.