వత్తి మాడితే కాయిల్‌ని తిట్టి ఏం లాభం? వేపింగ్ కాయిల్స్: అపోహలు - వాస్తవాలు

2025 జూన్ 1 నుంచి బ్రిటన్‌లో వాడి పారేసే డిస్పోజబుల్ వేప్‌ల, అంటే ఈ-సిగరెట్ల అమ్మకం ఆగిపోయింది. అప్పటి నుంచి మా షాపు కౌంటర్ దగ్గర మాటలే మారిపోయాయి. అంతకుముందు ఒకటి తీసుకుని, డబ్బులిచ్చి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు లిక్విడ్ పోసుకునే కిట్ పట్టుకెళ్లి, నాలుగో రోజుకల్లా తిరిగొచ్చి "అన్నా, మాడు కంపు కొడుతోంది, డూప్లికేట్ ఇచ్చారా?" అంటున్నారు. అలా అడిగేవాళ్లలో మన తెలుగు పిల్లలూ బాగానే ఉన్నారు. నేను కోవెంట్రీకి చదువుకోవడానికి వచ్చి, పార్ట్‌టైమ్‌గా వేప్ షాపులో చేరి, ఏడేళ్లుగా ఇదే పనిలో ఉండిపోయాను. రోజుకు పదిసార్లు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

సిగరెట్ అలవాటు లేనివాళ్లు దీన్ని చదివి కొత్తగా మొదలుపెట్టాల్సిన పనేమీ లేదు. సిగరెట్ మానడానికి నేను దీనిలోకి వచ్చాను. ఇది సిగరెట్ వదిలేవాళ్ల సరుకు. పద్దెనిమిది నిండనివాళ్లకు ఇక్కడ అమ్మం కూడా.

అసలు సంగతి అర్థం కావాలంటే ఇంట్లో దీపం గుర్తు తెచ్చుకోండి. ప్రమిదలో నూనె ఉన్నంతసేపూ వత్తి నూనెను పైకి లాగుతుంది, కాలేది నూనె. నూనె అయిపోయిందంటే వత్తే కాలి, పొగ చిమ్ముతుంది. వేప్‌లోనూ ఇంతే. సన్నటి లోహపు తీగ గానీ జల్లెడలాంటి రేకు గానీ ఉంటుంది, దాన్ని అంటిపెట్టుకుని దూది ఉంటుంది. కాయిల్ గోడకున్న రంధ్రాల్లోంచి లిక్విడ్ ఆ దూదిలోకి ఇంకుతుంది. పీల్చినప్పుడు తీగ వేడెక్కి, దూదిలోని లిక్విడ్‌ని ఆవిరి చేస్తుంది. తడి ఉన్నంతవరకు ఆ వేడిని లిక్విడే మింగేస్తుంది కాబట్టి దూది క్షేమం. తడి ఆరితే దూది మాడుతుంది. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం కాయిల్ పేరు మీద వస్తాయి గానీ, విప్పి చూస్తే తప్పంతా వత్తి దగ్గరే ఉంటుంది.

అపోహ: మాడిన కాయిల్‌ని వేడినీళ్లలో కడిగితే కొత్తదైపోతుంది.

పాలు అడుగంటాక అందులో ఎన్ని యాలకులు వేసినా మాడు వాసన పోతుందా? దూదీ అంతే. నల్లబడిన పీచు నీళ్లతో తెల్లబడదు. కంపెనీ నుంచి బిగించి వచ్చే కాయిల్‌లో దూదిని బయటికి తీసే వీలు ఉండదు, కాబట్టి అది ఒకసారి మాడిందంటే చెత్తబుట్టకే.

అలాగని కడగడం పూర్తిగా దండగ అనను. దూది మాడలేదు, రుచి మాత్రం మందగించింది, లేదా పుదీనా నుంచి మామిడికి మారుతున్నారు, పాత వాసన వదలడం లేదు. అప్పుడు గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, ధార కింద పట్టి, టిష్యూ మీద బోర్లించి ఒక రోజంతా ఆరనివ్వండి. కొందరు వోడ్కాలో నానబెడతారు, అది కూడా పనిచేస్తుంది గానీ తర్వాత నీళ్లతో కడిగి ఆరబెట్టాల్సిందే. తడి పూర్తిగా పోకుండా బిగిస్తే లోపల చిటపటమంటుంది, వేడి చుక్కలు నాలుక మీద పడతాయి. ఇంతా చేస్తే వచ్చేది ఇంకో రెండు మూడు రోజుల ఆయుష్షు. ఆదివారం పూట ఓపిక ఉంటే చేసుకోండి. నేనైతే చేయను.

అపోహ: కొత్త కాయిల్ బిగించగానే పీల్చేయొచ్చు.

కౌంటర్ దగ్గర నేను చూసే కాయిల్ చావుల్లో ఎక్కువ ఇవే. ఒక కుర్రాడు ఐదు కాయిల్స్ ప్యాకెట్ కొన్నాడు. సాయంత్రానికి మళ్లీ వచ్చి, ఐదూ చెడిపోయినవే అన్నాడు. విప్పి చూస్తే ఐదింటిలోనూ దూది మధ్యలో ఒకే చోట నల్లటి మచ్చ. ఒక్కోటి బిగించడం, ట్యాంక్ నింపడం, వెంటనే గట్టిగా లాగడం! పొడిగా ఉన్న దూదికి తడి తగిలేలోపే నిప్పు పెట్టినట్టయింది.

చేయాల్సింది ఇది. కాయిల్ పక్కన కనిపించే దూది రంధ్రాల మీద ఒక్కో చుక్క, నడిమి గొట్టంలో ఒకటి రెండు చుక్కలు లిక్విడ్ వేయండి. అంతకంటే ఎక్కువ పోస్తే మునిగిపోయి గుడగుడమంటుంది. బిగించి, ట్యాంక్ నింపి, పది నిమిషాలు పక్కన పెట్టండి. బటన్ నొక్కకుండా ఉత్తినే రెండుసార్లు పీలిస్తే లిక్విడ్ లోపలికి లాగబడుతుంది. ఆ తర్వాత తక్కువ వాట్లతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోండి. పాడ్ అయితే, అంటే కాయిల్ విప్పదీసే వీలు లేకుండా లోపలే ఉండే చిన్న లిక్విడ్ డబ్బా అయితే, నింపి పదిహేను నిమిషాలు ఆగితే చాలు. టీ పెట్టుకుని తాగేంత సమయం, అంతే.

అపోహ: మాడు వాసన వచ్చిందంటే కాయిల్ పని అయిపోయినట్టే.

ఒక్కసారి గొంతుకు కొట్టిందని పారేయకండి. ముందు ట్యాంక్‌లో లిక్విడ్ ఎంతుందో చూడండి. రంధ్రాల కిందికి మట్టం దిగిపోయిందా? ఊపిరి ఆడనివ్వకుండా వరసగా లాగుతున్నారా? వత్తి తాగేదానికంటే మీరు వేగంగా తాగేస్తే అది ఎండిపోతుంది. రెండు పీల్పుల మధ్య అర నిమిషం ఆగి చూడండి.

ఇంకోటి లిక్విడ్ చిక్కదనం. సీసా మీద గ్లిజరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ అనే రెండు ద్రవాల పాళ్లు 50/50 అనో 70/30 అనో రాసి ఉంటాయి. అందులో గ్లిజరిన్ వాటా ఎక్కువైతే లిక్విడ్ తేనెలా ఉంటుంది. పెద్ద రంధ్రాలున్న కాయిల్‌కి 70 శాతం గ్లిజరిన్ బాగుంటుంది. చిన్న పాడ్‌లో అదే పోస్తే సన్నటి రంధ్రాల్లోంచి దిగదు, దూదికి దప్పిక తీరదు. పాడ్‌లకు 50/50 వాడండి. ఇక్కడి జనవరిలో ఇంకో చిక్కు ఉంది. మన ఇళ్లల్లో చలికాలం కొబ్బరినూనె పేరుకున్నంత పని కాకపోయినా, చలికి లిక్విడ్ బాగా చిక్కబడుతుంది. రాత్రంతా కారులో వదిలేసిన వేప్‌ని పొద్దున్నే లాగితే మాడు తప్పదు. కాసేపు లోపలి జేబులో పెట్టుకుని, ఒళ్లు వేడి తగిలాక వాడండి.

ఇవన్నీ చూశాక కూడా కంపు అలాగే ఉంటే, అప్పుడు మార్చండి. మాడిన దూదిని భరిస్తూ లాగడం మాత్రం పిసినారితనం కూడా కాదు, మూర్ఖత్వం. లిక్విడ్ అతిగా వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివి పుడతాయి. గొంతు కోసుకుపోతున్నట్టు ఉండేది ఊరికే కాదు.

అపోహ: కాయిల్ నెలకోసారి మార్చుకోవాలి.

క్యాలెండర్‌కీ కాయిల్‌కీ సంబంధం లేదు. రోజూ మామూలుగా వాడేవాళ్లకు వారం నుంచి రెండు వారాలు వస్తుంది. పొగాకు రుచి, ఉత్త పుదీనా లాంటివి తాగే ఒక పెద్దాయన మూడు వారాల దాకా లాగిస్తాడు. డోనట్, కస్టర్డ్, మిఠాయి రుచులు వాడే కుర్రాళ్లకు నాలుగు రోజులకే నల్లబడుతుంది. కారణం తీపి. లిక్విడ్‌లో తియ్యదనం కోసం సుక్రలోజ్ వేస్తారు. మిగతాదంతా ఆవిరైపోతుంది గానీ సుక్రలోజ్ అవ్వదు. తీగ మీదే ఉండిపోయి, ముదిరిన పాకంలా అడుగంటి, నల్లటి గార కడుతుంది. గార కట్టిన చోట వేడి సరిగా పాకదు, రుచి పోతుంది, ఆ తర్వాత మాడు మొదలవుతుంది. "కంపెనీ కాయిల్స్ నాసిరకంగా చేస్తోంది" అని గొడవపడేవాళ్లకు నేను ముందు అడిగేది ఏ రుచి వాడుతున్నారనే.

లిక్విడ్ రంగు ముదిరిందని కూడా కొందరు కాయిల్ మార్చేస్తారు. గాలి, వెలుతురు తగిలితే నికోటిన్ ఆక్సీకరణ చెంది లిక్విడ్ గోధుమరంగుకు తిరుగుతుంది. రుచి బాగుంటే వాడుకోండి.

అపోహ: వాట్లు పెంచేకొద్దీ రుచి పెరుగుతుంది.

కొంతవరకే. కాయిల్ ఒంటి మీదే దాని హద్దు రాసి ఉంటుంది, ఉదాహరణకు 0.6 ఓమ్‌ల (కరెంటుకు తీగ ఇచ్చే నిరోధం) దాని మీద 20 నుంచి 25 వాట్లు అని. ఆ రెండంకెల మధ్యలో మొదలుపెట్టి మీ నాలుకకు నచ్చినచోట ఆగండి. పై అంకె దాటితే అంత వేగంగా లిక్విడ్ అందించడం వత్తి వల్ల కాదు.

అపోహ: ఏ దూదైనా దూదే, తీగని ఎర్రగా కాలిస్తే శుభ్రం.

ఇది సొంతంగా కాయిల్ చుట్టుకునేవాళ్ల సంగతి. ఇప్పుడు తగ్గిపోయారు గానీ, మా షాపుకి ఇంకా ఒకరిద్దరు వస్తారు. వాళ్లు వస్తే నాకు పండగే.

దూది విషయంలో నాకు గురువు మా అమ్మే. కార్తీకమాసం ముందు కూర్చుని వత్తులు చేస్తూ, నేను పిండినట్టు బిగించి చేస్తే పక్కన పడేసేది. "అది నూనె తాగదురా, కొండెక్కిపోతుంది" అనేది. మరీ వదులుగా చేస్తే భగ్గున మండేది. కాయిల్‌లో దూది దూర్చేటప్పుడు కూడా అదే లెక్క. దూది లాగుతుంటే తీగ కొద్దిగా కదలాలి గానీ వంగిపోకూడదు. బిగిస్తే మాడుతుంది, వదులైతే కారుతుంది. కొసలు ట్యాంక్ రంధ్రాన్ని ఊరికే కప్పేలా ఉండాలి, కూరి పెట్టకూడదు. మందుల షాపులో దొరికే తెల్లటి దూది కంటే బ్లీచ్ చేయని దూది మేలు, మొదటి రోజు ఆ వింత రుచి ఉండదు.

ఇక తీగ. పాత దూది తీసేసి, తక్కువ వాట్లలో బటన్‌ని నొక్కి వదులుతూ తీగ మసకగా ఎర్రబడేదాకా వేడిచేస్తే గార బూడిదైపోతుంది. చల్లారాక నీళ్లలో ముంచి మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలు. కాంతాల్ తీగ దీనికి తట్టుకుంటుంది. అది ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన స్వీడన్ మిశ్రమం, కొలిమి తీగలకు పుట్టింది. వేడికి దాని మీద అల్యూమినా పొర ఏర్పడి కాపాడుతుంది. నికెల్, క్రోమియం కలిసిన నైక్రోమ్ కూడా జాగ్రత్తగా చేస్తే ఫర్వాలేదు. అచ్చం నికెల్, టైటానియం తీగలను మాత్రం ఎప్పుడూ ఎర్రగా కాల్చకండి. అవి ఉష్ణోగ్రతను అదుపు చేసే పద్ధతిలో వాడాల్సినవి. ఇంత చెప్పినా నా అలవాటు వేరు. మూడు నాలుగుసార్లు కాల్చాక తీగే మార్చేస్తాను, గజం తీగ ఖరీదు ఒక కాఫీ కంటే తక్కువ.

తీగ చుట్టడం వచ్చినంత మాత్రాన లెక్క వచ్చినట్టు కాదు. 0.2 ఓమ్‌ల కాయిల్‌ని నిండుగా చార్జ్ అయిన 4.2 వోల్టుల సెల్‌కి నేరుగా తగిలిస్తే 21 యాంపియర్లు లాగుతుంది, అంటే 88 వాట్లు. వాడుకలో ఉన్న చాలా 18650 సైజు బ్యాటరీ సెల్స్ నిరంతరంగా ఇవ్వగలిగేది 20 యాంపియర్ల దాకానే. లోపల రక్షణ సర్క్యూట్ లేని మెకానికల్ మోడ్ అనే రకం పరికరం పట్టుకుని ఈ ఆట ఆడకండి. సెల్ మీద ప్లాస్టిక్ తొడుగు చిరిగితే కొత్త తొడుగు వేయండి. విడి సెల్‌ని తాళంచెవులతో కలిపి జేబులో వేసుకోకండి.

అపోహ: కారుతోందంటే కాయిల్ మార్చాలి.

ముందు రబ్బరు రింగ్ చూడండి. చాలాసార్లు అదే.

అపోహ: వచ్చేది నీటి ఆవిరే, ఏం కాదు.

నేను అమ్మేవాణ్ని, అయినా ఈ మాట నా నోట రాదు. నీటి ఆవిరి కాదది. ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి ద్రవ్యాల సన్నటి తుంపర. వేడెక్కే తీగ నుంచి లోహాలు కూడా కొద్దిగా దిగుతాయి. 2018లో అమెరికా పరిశోధకులు 56 మంది సొంత పరికరాలను పరీక్షిస్తే, సీసాలోని లిక్విడ్ కంటే కాయిల్ దాటి వచ్చిన ఆవిరిలో సీసం, క్రోమియం, నికెల్ లాంటివి ఎక్కువ కనిపించాయి. కాలిన సిగరెట్ పొగతో పోలిస్తే హాని బాగా తక్కువన్నది ఇక్కడి ఆరోగ్య శాఖ మాట, నేనూ దాన్నే నమ్ముతాను. తక్కువ వేరు, సున్నా వేరు.

ఎదురు అపోహ కూడా ఉంది. 2019లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిని వేలమంది ఆసుపత్రుల పాలైన వార్త చూసి, మామూలు లిక్విడ్ వల్లే అనుకుంటారు. ప్రధాన కారణంగా తేలింది గంజాయి నూనెల కార్ట్రిడ్జుల్లో చిక్కదనానికి కలిపిన విటమిన్ ఈ అసిటేట్. ఊరూపేరూ లేని సీసా కొనొద్దని నేను చెప్పేది అందుకే.

అపోహ: ఇండియాకి వేప్ తీసుకెళ్లకూడదు గానీ, కాయిల్స్ విడిగా తీసుకెళ్లొచ్చు.

సంక్రాంతికి ముందు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్సుగా వచ్చి, డిసెంబర్‌లో చట్టమైన నిషేధం ఇండియాలో అమలులో ఉంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం అన్నీ నేరమే. పూర్తి పరికరమే కాదు, దాని భాగమైనా సరే అని చట్టంలోనే ఉంది. మొదటిసారికి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షల దాకా వెళ్తుంది.

మొన్నటి పండగకి వెళ్తున్న వరంగల్ కుర్రాడొకడు మూడు ప్యాకెట్లు బ్యాగులో వేసుకుంటూ "కాయిల్సే కదన్నా, సూదంత ఉన్నయ్, ఎవడు చూస్తడు" అన్నాడు. చట్టం సంగతి చెప్పి, డబ్బులు వెనక్కి ఇస్తానన్నాను. వద్దని, ప్యాకెట్ల మీద పేరు రాసి నా దగ్గరే వదిలి వెళ్లాడు. మూడు వారాలకు తిరిగొచ్చి తీసుకున్నాడు. అక్కడే కౌంటర్ మీద ఒకటి బిగించి లాగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఒక్క చుక్క కూడా వేయలేదు!