డచ్చివాళ్ళ కోర్టు పుస్తకాల్లో పూర్వీకుల జాడ

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

మీలో న్యూజెర్సీలోనో ఆల్బనీ దగ్గరో బడికి వెళ్తున్నవాళ్ళకి, ‘వాన్’ అని మొదలయ్యే ఇంటిపేరున్న స్నేహితులు ఒకరిద్దరైనా ఉండే ఉంటారు. వంశవృక్షం గీసుకు రమ్మంటే వాళ్ళు గబగబా 1850 దాకా వెళ్ళిపోతారు. ఆ ఏడాది నుంచి అమెరికా జనాభా లెక్కల్లో బానిసలు కాని ప్రతి మనిషి పేరూ రాశారు కాబట్టి అంతవరకు సులువే. అక్కణ్ణించి చర్చి పుస్తకాలూ వీలునామాలూ పట్టుకుని ఇంకో వందేళ్ళు లాగొచ్చు. 1600ల్లోకి దిగేసరికి మాత్రం చాలామంది చతికిలబడతారు. అక్కడ ఆదుకునేవి కోర్టు పుస్తకాలు. వాటిని ఎలా చదవాలో ఈ ఉత్తరంలో చెబుతాను. పక్కన కూర్చుని మీరూ సాయం చేయండి.

ఇప్పటి న్యూయార్క్ ప్రాంతం అప్పట్లో న్యూ నెదర్లాండ్. 1621లో పుట్టిన డచ్చి వెస్టిండియా కంపెనీ 1624లో అక్కడికి మొదటి కుటుంబాలను పంపింది. 1664లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని పట్టుకున్నారు. 1673లో డచ్చివాళ్ళు తిరిగి లాక్కుని, మరుసటి ఏడే వదులుకున్నారు. దొర మారినంత మాత్రాన ఊళ్ళో జనం మారలేదు. అందుకే 1664 తర్వాత కూడా ఆల్బనీ వైపు కోర్టు రాతలు చాలాకాలం డచ్చిలోనే సాగాయి.

కోర్టులు మూడు గుర్తుపెట్టుకోండి. బేవర్‌వైక్, అంటే నేటి ఆల్బనీ, 1652. న్యూ ఆమ్‌స్టర్‌డామ్, అంటే మన్‌హాటన్ కొస, 1653. విల్ట్‌వైక్, అంటే నేటి కింగ్‌స్టన్, 1661. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ కోర్టులో ఇద్దరు బర్గోమాస్టర్లు (నగర పెద్దలు), అయిదుగురు స్ఖేపెన్లు (తీర్పు చెప్పే న్యాయాధికారులు) కూర్చునేవారు. స్ఖౌట్ అనే అధికారి నేరస్థుణ్ణి పట్టుకొచ్చేవాడు, వాదించేవాడు కూడా అతనే. వీటికి ముందున్న కాగితాలు చాలా తక్కువ. అక్కడి పాలనా పుస్తకాల్లో మిగిలినవి 1638 నుంచి మొదలవుతాయి. హాలండులో ఉన్న కంపెనీ పాత కాగితాలను 1821లో చిత్తు కాగితాల కింద అమ్మేశారు. అందుకని 1638కి ముందు మనిషి దొరకలేదంటే తప్పు మీది కాదు.

చర్చి పుస్తకాలుండగా కోర్టు ఎందుకని అడుగుతారేమో. మన్‌హాటన్ చర్చిలో బాప్తిస్మాల పుస్తకం 1639 నుంచి ఉంది. ఆల్బనీ చర్చిది 1683 నుంచే మిగిలింది. 1652లో బేవర్‌వైక్‌లో కాపురం పెట్టిన ఇంట్లో పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యేదాకా చర్చిలో బాప్తిస్మం రాత ఒక్కటీ లేదన్నమాట. ఆ ముప్ఫై ఏళ్ళకీ దిక్కు కోర్టే. కోర్టు అనగానే మీ స్నేహితురాలు కంగారు పడుతుంది, మా తాత దొంగా అని. కాదని చెప్పండి. వారం వారం అక్కడికి వచ్చినవి ఎక్కువగా అప్పులు, కూలి బాకీలు, పక్కవాడి తోటలో పడ్డ పందులు, నోరుజారిన తిట్లు. తిట్టినవాడు వచ్చి, ఆ మనిషి గురించి గౌరవం, మంచితనం తప్ప నాకేమీ తెలియదని ఒప్పుకోవాలి. అది అచ్చంగా అప్పటి కోర్టు వాడుక మాట. ఊళ్ళో బతికినవాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒకరోజు ఆ గుమ్మం తొక్కినవాళ్ళే.

ఇక అసలు చిక్కు పేర్లు. అప్పటి డచ్చివాళ్ళలో చాలామందికి స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి పేరే రెండో పేరు. యాన్ కొడుకు క్లాస్ అయితే క్లాస్ యాన్‌సెన్. ఆ క్లాస్ కొడుకు పీటర్ అయితే పీటర్ క్లాసెన్. కూతురు గ్రీట్యె అయితే గ్రీట్యె క్లాస్. తరం తరానికీ పేరు మారిపోతుంది. యాన్ అనే పేరు ఊరినిండా ఉంది కాబట్టి యాన్ యాన్‌సెన్లు ఒకే ఊళ్ళో ఒకే కాలంలో చాలామంది ఉండేవారు. గుర్తుకోసం గుమాస్తా ఊరి పేరో పనో తగిలించేవాడు. ‘వాన్’ అంటే ‘నుంచి’. మన దగ్గర నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళకి నెల్లూరి అని ఇంటిపేరు పడినట్టే. అధ్యక్షులు రూజ్‌వెల్ట్‌ల మూలపురుషుడు క్లాస్ మార్టెన్‌సెన్ వాన్ రోసెన్‌వెల్ట్. కోర్టు పుస్తకం వెనక సూచికలో రూజ్‌వెల్ట్ అని వెతికితే అతను దొరక్కపోవచ్చు. మార్టెన్‌సెన్ కింద వెతకాలి.

కాబట్టి ఒక్కో మనిషికి నాలుగు పేర్లు రాసుకుని సూచికలో నాలుగూ చూడండి: సొంత పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, పని పేరు. ఇంగ్లీషువాళ్ళ కాలానికి క్లాస్ నికలస్ అవుతాడు, డిర్క్ రిచర్డ్ అవుతాడు, త్రైంట్యె కేథరిన్ అవుతుంది. ఇవి కూడా ఆ చీటీలోనే రాసుకోండి.

కోర్టు రాత ఎలా ఉంటుందో చూడండి. ఇది నేను నమూనాకి కూర్చింది, పేర్లు కల్పితం.

“కమ్మరి యాన్ యాన్‌సెన్, వాది, హోర్న్ ఊరి క్లాస్ పీటర్‌సెన్, ప్రతివాది. రెండు బీవర్ తోళ్ళు ఇప్పించమని వాది కోరాడు. తాను ఇసోపస్ (విల్ట్‌వైక్ ప్రాంతం) వెళ్ళినప్పుడు తన భార్య గ్రీట్యె యాన్స్ ఒక తోలు ఇచ్చిందని ప్రతివాది చెప్పాడు. భార్యను వచ్చే వాయిదాకి తీసుకురమ్మని కోర్టు ఆజ్ఞ.”

నాలుగే నాలుగు వాక్యాలు. బీవర్ తోళ్ళు అప్పట్లో డబ్బు కింద చెల్లేవి. వాది కమ్మరి కాబట్టి మిగతా యాన్ యాన్‌సెన్లలోంచి ఇతన్ని వేరు చేయొచ్చు. క్లాస్ తండ్రి పీటర్, ఊరు హాలండులోని హోర్న్. భార్య పేరు గ్రీట్యె, ఆమె తండ్రి పేరు యాన్. ఆమె తండ్రి ఈ కమ్మరి యానేనా? కావచ్చు, కాకపోవచ్చు. ఇక్కడే పిల్లలు తొందరపడి గీత గీసేస్తారు. పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. ఆ తారీఖుకి క్లాస్ బతికే ఉన్నాడు, పెళ్ళయింది, ఇసోపస్‌తో రాకపోకలున్నాయి. అంతవరకు ఖాయం. వచ్చే వాయిదా తారీఖు చూసి ఆ పేజీ కూడా తప్పక తీయండి. ‘మొదటి గైరుహాజరు’, ‘రెండో గైరుహాజరు’ అని ఒక్క ముక్క ఉన్నా వదలొద్దు. మనిషి ఊళ్ళో లేడనో పోయాడనో మొదటి సూచన అదే కావచ్చు.

డచ్చి స్త్రీలు పెళ్ళయినా తండ్రి పేరే ఉంచుకునేవారు. సొంతంగా వ్యాపారం చేసేవారు, కోర్టులో మాట్లాడేవారు. ఇంగ్లీషు పద్ధతి వచ్చాక వాళ్ళు మొగుడి పేరు వెనక్కి వెళ్ళిపోతారు. అందుకే అమ్మమ్మల జాడ 1664కి ముందే ఎక్కువ స్పష్టంగా దొరుకుతుంది. విధవకి వాళ్ళ మాట ‘వేదువె’. మన మాటా వాళ్ళ మాటా ఒకే వేరు నుంచి వచ్చినవే. ఆ మాట కనబడితే నిలబడి చదవండి. విధవ మళ్ళీ పెళ్ళి చేసుకోబోయే ముందు మొదటి భర్త పిల్లలకి తండ్రి వాటా ఇంత అని రాసివ్వాలి. న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇది చూడటానికి అనాథ పిల్లల ఆస్తి పెద్దలని వేరే ఉండేవారు. ఆ కాగితంలో పిల్లల పేర్లు, చాలాసార్లు వయసులు, ఒక్కొక్కరికి ఎన్ని గిల్డర్లో (గిల్డరు డచ్చివాళ్ళ డబ్బు) వరసగా ఉంటాయి. వంశవృక్షానికి అంతకన్నా గట్టి ఆధారం దొరకడం కష్టం. నా మట్టుకు నేను ఏ మనిషికైనా అప్పుల కేసులకన్నా ముందు ఇది వెతకమంటాను.

సాక్షి వాంగ్మూలం కూడా అంతే విలువైంది. ‘ఫలానా, సుమారు 36 ఏళ్ళు’ అని మొదలవుతుంది. వాంగ్మూలం 1656ది అయితే పుట్టింది 1620 ప్రాంతం. ‘సుమారు’ను మరవకండి. అయిదేళ్ళు అటూ ఇటూ వదలాలి, 40, 50 లాంటి గుండ్రటి సంఖ్య అయితే ఇంకా ఎక్కువ.

చుట్టరికం మాటల్లో అనువాదం పట్టుకుని మోసపోతారు. మనకి బావ, బావమరిది, మరిది, తోడల్లుడు, అల్లుడు అందరూ వేరు వేరు. అప్పటి డచ్చిలో ‘స్వాగర్’ అంటే బావమరిదీ కావచ్చు, అల్లుడూ కావచ్చు. ఇంగ్లీషు అనువాదంలో ఒక అర్థమే పడుతుంది. అల్లుణ్ణి బావమరిది అనుకుంటే ఒక తరమే తారుమారవుతుంది. ‘నేఫ్’ అన్న మాట మేనల్లుడికీ, పినతండ్రి కొడుక్కీ కూడా వాడారు. అందుకే చుట్టరికం మీద కొమ్మ గీసే ముందు మూలం స్కాన్ తెరిచి అసలు ఏ మాట ఉందో చూడాలి. భాష రాకపోయినా ఆ ఒక్క మాట పోల్చుకోగలరు.

తారీఖుల్లో రెండు గోతులున్నాయి. 7 అంకె వేసి పక్కన ‘బెర్’ అని ఉంటే అది ఏడో నెల జులై కాదు, సెప్టెంబరు. 8 అయితే అక్టోబరు, 9 అయితే నవంబరు. లాటిన్‌లో ఏడు ‘సెప్టెం’ కాబట్టి అలా రాశారు. రెండోది, హాలండు డచ్చివాళ్ళు కొత్త క్యాలెండరు వాడితే ఇంగ్లీషువాళ్ళు 1752 దాకా పాతదే వాడారు. 1600ల్లో తేడా పది రోజులు. పైగా ఇంగ్లీషు సంవత్సరాది మార్చి 25. ఇంగ్లీషు పాలనలో ఫిబ్రవరి తారీఖు పక్కన 1670/71 అని రెండేళ్ళు కనబడితే మనకది 1671.

డబ్బు లెక్క కూడా జాగ్రత్త. గిల్డరుకి 20 స్టైవర్లు. మంచి బీవర్ తోలు 8 గిల్డర్లకి చెల్లేది. గవ్వపూసలని ‘సేవాన్’ అనేవారు, వాటి విలువ ఏటేటా పడిపోయింది. ‘సేవాన్‌లో వంద గిల్డర్లు’ అంటే బీవర్‌లో వంద కాదు. అది చూడకుండా మా తాత ధనవంతుడని రాయకండి.

మూలం కాగితాలు ఎందుకు చిరిగి ఉంటాయో కూడా తెలియాలి. 1911 మార్చి 29న ఆల్బనీలో రాష్ట్ర గ్రంథాలయం కాలిపోయింది. డచ్చి సంపుటాలు కింది అరల్లో ఉండటంతో చాలావరకు బతికాయి, అంచులు మాత్రం మాడిపోయాయి. అనువాదాల్లో మధ్యమధ్య ఖాళీలు కనబడేది అందుకే. వాన్ లార్ అనే పండితుడు తన అనువాదం మంటల్లో పోతే మళ్ళీ మొదలుపెట్టాడు. 1974 నుంచి చార్లెస్ గేరింగ్ ఆ పనిని ముందుకు తీసుకెళ్ళాడు. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు పుస్తకాలు 1897లో ఏడు సంపుటాలుగా ఇంగ్లీషులో అచ్చయ్యాయి. అవి పాత అనువాదాలు, దారి చూపడానికి బాగా పనికొస్తాయి. తుది సాక్ష్యంగా మాత్రం వాడకండి.

ఈ పుస్తకాల్లో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా మనుషులూ ఉన్నారు. పౌలో అంగోలా, సిమోన్ కాంగో లాంటి పేర్లతో. 1644 ఫిబ్రవరిలో పదకొండు మంది విడుదల కోరితే, ఏటా ధాన్యం, ఒక బలిసిన పంది కట్టాలన్న షరతుతో వదిలారు. వాళ్ళ పిల్లలు, ఇకముందు పుట్టబోయేవాళ్ళు కూడా, బానిసలుగానే ఉండాలన్నారు. ఆ వంశాల వాళ్ళు ఇవాళ వెతుక్కునేదీ ఈ కాగితాల్లోనే. అక్కడ చేయి జాగ్రత్తగా వేయండి.

మచిలీపట్నం, భీమునిపట్నం డచ్చివాళ్ళు వేరు. మచిలీపట్నం వచ్చింది 1602 నాటి డచ్చి ఈస్టిండియా కంపెనీ. దాని కాగితాలు ముఖ్యంగా హేగ్‌లోనూ, కొన్ని చెన్నైలోనూ ఉన్నాయి. మన తీరం నుంచి బానిసలుగా దక్షిణాఫ్రికా కేప్‌కి తరలించినవాళ్ళు అక్కడి కోర్టు రాతల్లో ‘వాన్ కొరమాండెల్’ అని కనబడతారు. అది వాళ్ళను ఓడ ఎక్కించిన తీరమే కావచ్చు, పుట్టిన ఊరు అనుకోకండి.

నోటుపుస్తకంలో ప్రతి దొరుకుడుకీ ఒక వరస: తారీఖు, సంపుటం, పేజీ, వాదా ప్రతివాదా సాక్షా, ఎదుటివాడి పేరు, పుస్తకంలో ఉన్న స్పెల్లింగు మార్చకుండా. ఎదుటివాళ్ళ పేర్లు రెండు మూడు సార్లు తిరిగి వస్తే వాళ్ళు చుట్టాలో పొరుగువాళ్ళో అయ్యుండాలి. వాళ్ళ కేసులూ చదవండి. ఇద్దరు క్లాస్ పీటర్‌సెన్లలో మీకు కావలసినవాడెవడో చాలాసార్లు వాళ్ళే పట్టిస్తారు. భార్య పేరు, పని, ఊరు, ఈ మూడింటిలో రెండైనా కలిసేదాకా ఇద్దర్నీ వేర్వేరు కాగితాల మీదే ఉంచండి.

ప్రేమతో,
మీ పెద్దనాన్న