ముల్లు ఎందుకు ఊగుతోంది?

తిరుపతి

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న కాణిపాకం నుంచి వచ్చేటప్పుడు వెనక సీట్లోంచి చిన్నోడు ఒక ప్రశ్న అడిగాడు. "తాతా, స్పీడు ముల్లు 40కీ 70కీ మధ్య ఊగులాడతా ఉంది. కారు మాత్రం ఒకే తీరుగా పోతా ఉంది. మరి మనం ఎంత స్పీడులో పోతున్నట్టు?" మీ నాన్న, "పాత బండి కదరా, అంతే" అన్నాడు. బండి పాతదైనంత మాత్రాన ముల్లు ఊగాలని ఏమీ లేదు. ఊగడానికి ఒక కారణం ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవచ్చు. ఓపికుంటే మీరే పట్టుకోగలరు, అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ ముల్లును కదిలించేది ఏమిటో చూద్దాం. కొత్త కార్లలో సెన్సరు, వైర్లు ఉంటాయి. మన పాత కారులో ఉన్నది ఒక కేబుల్. చక్రాలు తిరుగుతుంటే వాటితో పాటు గేరుబాక్సులో ఒక షాఫ్టు తిరుగుతుంది. ఆ షాఫ్టు ఒక చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ పళ్ల చక్రం కేబుల్‌ను తిప్పుతుంది. కేబుల్ అంటే పైన నల్లటి తొడుగు, లోపల మెలిపెట్టిన స్టీలు తీగ. తొడుగు కదలదు, తీగ తిరుగుతుంది. ఆ తీగ డ్యాష్‌బోర్డు వెనక మీటరులోకి పోయి అక్కడ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది.

ఇక మీటరు లోపలి సంగతి. అది మీకు ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తే మా అవ్వ సంగటి గెలకడం గుర్తొచ్చింది. చిత్తూరు పక్కన మా ఊళ్లో రోజూ రాగి సంగటే. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, గిన్నె కిందికి దించి అవ్వ రెండు చేతులతో తెడ్డు పట్టుకుని గెలికేది. తెడ్డు తిరిగితే సంగటి తిరుగుతుంది, సంగటితో పాటు గిన్నె కూడా తిరగబోతుంది. అది తిరక్కుండా గోనెపట్టాతో అదిమి పట్టుకోవడం నా పని. అవ్వ మెల్లగా గెలికితే గిన్నె కాస్త జరిగేది. జోరు పెంచితే నా చేతులను కూడా లాక్కుని ఇంకాస్త జరిగేది. ఆపగానే నేను మళ్లీ మొదటి చోటుకు తెచ్చేవాణ్ని. తర్వాత అవ్వ తడి చేత్తో ముద్ద చేసి, నడిమధ్యన వేలితో గుంట చేసి నెయ్యి పోసి ఇచ్చేది. గిన్నె పట్టినవాడికే మొదటి ముద్ద. పని చేసినవాడికి ముందు పెట్టడం అనేది మా ఇంట్లో పెద్ద నియమం, మీరూ పాటించండి.

మీటరులో తెడ్డు అంటే ఆ అయస్కాంతం. గిన్నె అంటే దాని మీద బోర్లించిన చిన్న అల్యూమినియం కప్పు. ఆ కప్పు ఇరుసుకే ముల్లు బిగించి ఉంటుంది. గిన్నెను పట్టుకున్న పిల్లవాడు ఒక సన్నటి స్ప్రింగు. అయస్కాంతం ఎంత జోరుగా తిరిగితే కప్పు అంత దూరం జరుగుతుంది, స్ప్రింగు దాన్ని సున్నా వైపు లాగుతూ ఉంటుంది. రెండు లాగుళ్లూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. ఇలాంటి మీటరుకు 1902లో ఒట్టో షుల్జే అనే ఆయన జర్మనీలో పేటెంటు తీసుకున్నాడు.

ఇక్కడ పెద్దమ్మాయి తప్పకుండా అడ్డు తగులుతుంది: "అయస్కాంతం అల్యూమినియాన్ని పట్టదు కదా తాతా?" నిజమే, పట్టదు. పైగా రెండూ తగలను కూడా తగలవు, మధ్యలో ఖాళీ. సంగటే లేకుండా తెడ్డు గిన్నెను తిప్పుతోంది! కదిలే అయస్కాంతం దగ్గర ఉంటే అల్యూమినియంలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు వల్ల కప్పు కూడా కాసేపు అయస్కాంతమవుతుంది. అంతకంటే నేను చెప్పను, మీరే చూడండి. పాడైన హార్డ్ డిస్క్‌లోని అయస్కాంతం ఒకటి సంపాదించండి. వేళ్లు నలగకుండా జాగ్రత్త. మందపాటి అల్యూమినియం పెనాన్ని వాలుగా నిలబెట్టి దాని మీద జారవిడవండి. తర్వాత అదే వాలులో చెక్క మీద జారవిడవండి. పెనం మీద అది ఎంత నిదానంగా దిగుతుందో చూస్తే నాకు ఇన్నేళ్లయినా ఆశ్చర్యం తగ్గలేదు.

ఇప్పుడు మన ముల్లు దగ్గరికి వద్దాం. అవ్వకు చెయ్యి నొప్పి పుట్టి ఆగి ఆగి గెలికితే గిన్నె ఒక్కసారిగా జరిగేది, మళ్లీ వెనక్కి వచ్చేది. పట్టుకున్న నా తప్పూ కాదు, గిన్నె తప్పూ కాదు. ఊగే ముల్లు సంగతి కూడా చాలాసార్లు ఇంతే. లోపల గ్రీజు ఎండిపోయినా, తొడుగు ఎక్కడో మరీ ఇరుగ్గా వంగినా తీగ పట్టేస్తుంది, మెలిపడుతుంది, ఆపై ఒక్కసారిగా వదిలేసుకుంటుంది. డ్యాష్‌బోర్డు వెనక టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. తీగను బయటికి లాగి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పలచగా గ్రీజు రాయాలి. మీటరు వైపు కొసకు మాత్రం రాయకూడదు. గ్రీజు మీటరులోకి పాకితే కప్పు జిగటపట్టి ఇరుక్కుంటుంది. తీగ పోగులు లేచి ఉంటే కేబుల్ మార్చడమే మంచిది, అదేమంత ఖరీదైన వస్తువు కాదు.

ముల్లు అసలు కదలకపోతే కిలోమీటర్ల అంకెల వైపు చూడండి. వాటినీ ఆ కేబులే తిప్పుతుంది. అంకెలు కూడా ఆగిపోయి ఉంటే తెడ్డే తిరగడం లేదన్నమాట. అప్పుడు ఇంజను ఆపి, చదునైన చోట, మీటరు వెనక కేబుల్ విప్పండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, మీ నాన్న స్టీరింగు దగ్గరుండగా ఇద్దరు పెద్దవాళ్లు కారును మెల్లగా తోస్తారు. మీరు లోపల కూర్చుని తీగ కొసను చూడండి. తిరిగితే కింద అంతా బాగుంది, మీటరు విప్పాలి. తిరక్కపోతే తీగ లాగి చూడాలి. సగమే చేతికొస్తే తెగినట్టు. మొత్తం వస్తే గేరుబాక్సు దగ్గరి పళ్ల చక్రం అరిగి ఉంటుంది. అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రం పడుకుని ఉంటే తప్పు గిన్నె దగ్గరో, పట్టుకున్న పిల్లవాడి దగ్గరో. అది మీటరు రిపేరు చేసేవాళ్ల పని. స్ప్రింగుకు మాత్రం వేలు తగిలించకండి.

కొందరు అద్దం మీద రెండు దెబ్బలు కొట్టి, "నాకు అందాజు తెలుసులే" అని ఏళ్ల తరబడి నడిపేస్తారు. ఆ అందాజును నమ్మొద్దు. హైవే మీద గంటసేపు జోరుగా వచ్చినవాడికి ఊళ్లోకి దిగాక 60 కూడా నడకలాగే అనిపిస్తుంది. బడి ముందు ఆ తేడా చాలా పెద్దది.

నా చిన్నప్పుడు తిరుమల కొండ బస్సులో డ్రైవరు వెనక నిలబడి మీటరు చూడటం నాకు భలే ఇష్టం. అప్పటికి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు ఒక్కటే, ఎక్కేదీ దిగేదీ దాని మీదే. రెండోది 1974లో వచ్చింది. తర్వాత కొండ దారిలో టైం చీటీ పద్ధతి పెట్టారు, అంటే బయల్దేరిన టైం వేసిన చీటీ ఇచ్చి అవతలి కొసన చూస్తారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలి, ముందే వస్తే తప్పు. దిగే దారి 19 కిలోమీటర్లు అనుకుంటే సగటున గంటకు 28, 29 కిలోమీటర్లు. చీటీకి ముల్లుతో పని లేదు, దూరమూ టైమూ చాలు. కానీ ఒకడు మలుపుల్లో దూసుకొచ్చి చివర చెట్టు కింద పది నిమిషాలు ఆగితే చీటీకి తెలియదు. ఈ నిమిషంలో ఎంత జోరు అనేది ముల్లే చెప్పాలి, అందుకే దాన్ని బాగుచేయించాలి.

కేబుల్ బాగుపడ్డాక ముల్లు నిలకడగా ఉన్నంత మాత్రాన నిజం చెబుతున్నట్టు కాదు. చంద్రగిరి దాటి పూతలపట్టు వైపు వెళ్తుంటే హైవే పక్కన పసుపు తల కిలోమీటరు రాళ్లు కనిపిస్తాయి. నాన్నను ముల్లు 60 దగ్గరే నిలిపి నడపమనండి, వాచీ మీరు చూడండి. రాయి నుంచి రాయికి 60 సెకన్లు పడితే ముల్లు చెప్పింది నిజం. 72 పడితే అసలు వేగం 50, 90 పడితే 40. 3600ని సెకన్లతో భాగిస్తే చాలు. ఒక్క రాయితో తేల్చకండి, రాళ్లు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. మొదలుపెట్టిన రాయి కాక వరసగా ఐదు రాళ్లు లెక్కపెట్టండి. ఆ ఐదు కిలోమీటర్లకు మీటరులోని అంకెలు ఎంత తిరిగాయో కూడా రాసుకోండి. ముల్లూ అంకెలూ రెండూ ఒకే లెక్కన తప్పితే టైర్ల సైజు మారిందేమో చూడాలి. అంకెలు సరిగ్గా ఉండి ముల్లు ఒక్కటే ఎక్కువ చూపిస్తే స్ప్రింగు సడలి ఉంటుంది, తక్కువ చూపిస్తే అయస్కాంతం బలం తగ్గి ఉంటుంది. రాసుకున్న కాగితం నాకు పంపండి, మీటరు విప్పించాలో టైర్లు చూడాలో చెప్తాను.

మీ తాత