విదేశంలో జిమ్‌లో చేరబోతున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కూకట్‌పల్లిలో నేను శిక్షణ ఇచ్చే జిమ్‌కి వేసవి మొదలయ్యేసరికి ఒక తరహా సభ్యులు ఎక్కువగా వస్తారు. నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా పని ముగించుకుని ఆగస్టులో విమానం ఎక్కబోయే విద్యార్థులు, జర్మనీకో బ్రిటన్‌కో ఆస్ట్రేలియాకో కంపెనీ పంపిస్తున్న ఐటీ ఉద్యోగులు, రెండు మూడు నెలల్లో ఒళ్లు ఒక దారికి తెచ్చుకుని వెళ్లాలన్న ఆత్రంతో చేరతారు. వారిలో కొందరికి వెళ్లిన తర్వాత కూడా వీడియో కాల్‌లో శిక్షణ కొనసాగిస్తుంటాను. అక్కడ జిమ్ విషయంలో వారు పడే ఇబ్బందులకు యంత్రాలో బరువులో కారణం కావడం అరుదు. సంతకం పెట్టిన కాగితమో, ఇంటికీ జిమ్‌కీ మధ్య దూరమో కారణమవుతుంది. అందుకే యంత్రాల సంగతి కాసేపు పక్కన పెట్టి కాగితంతోనే మొదలుపెడుతున్నాను.

అపోహ: ఎక్కువ కాలానికి ఒప్పుకుంటే అంత లాభం.

"అన్నా, రెండేళ్లకి సంతకం పెడితే నెలకి ఐదు యూరోలు తగ్గిస్తారట, పెట్టేయనా?" అన్న సందేశం జర్మనీ చేరిన మొదటి వారంలోనే వస్తుంది. వద్దు అన్నదే నా జవాబు.

హైదరాబాద్‌లో ఏడాది ప్యాకేజీ అంటే డబ్బు ముందుగా కట్టేయడం. మధ్యలో మానేస్తే పోయేది కట్టిన డబ్బే, మన వెంట ఎవరూ పడరు. జర్మనీలో గడువున్న ఒప్పందం అంటే, మీరు వెళ్లినా వెళ్లకపోయినా గడువు తీరేదాకా నెలనెలా కడతానని రాసిచ్చినట్టు. బ్యాంకు ఖాతా నుంచి సొమ్ము నేరుగా వెళ్లిపోతుంది. ఖాతా మూసేస్తే బాకీ మాసిపోదు, వసూలు సంస్థల చేతికి వెళుతుంది. ఆ వివరం షూఫా (అక్కడ మనుషుల అప్పులు, చెల్లింపుల చరిత్ర నమోదు చేసే సంస్థ) రికార్డుకు ఎక్కిందంటే తర్వాత అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు తంటాలు తప్పవు, ఎందుకంటే ఇంటి యజమానులు ముందుగా అడిగేది ఆ కాగితాన్నే.

ఉద్యోగం వేరే ఊరికి మారితే ఒప్పందం దానంతటదే రద్దవుతుందని చాలామంది నమ్మకం. సైన్యంలో చేరి ఊరు వదలాల్సి వచ్చిన ఒక సభ్యుడి కేసులో జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2016 మే నెలలో దీనికి విరుద్ధంగా తీర్పు చెప్పింది. ఊరు మారడమన్నది సభ్యుడి సొంత జీవితానికి సంబంధించిన విషయం కాబట్టి, కేవలం ఆ కారణంతో ముందుగా తప్పుకునే హక్కు సాధారణంగా రాదన్నది దాని సారాంశం. ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో, క్లయింట్ ఏ ఊరికి పిలుస్తాడో తెలియని మన ఉద్యోగులు ఈ ఒక్క తీర్పు గుర్తుంచుకుంటే చాలు, రెండేళ్ల కాగితం మీద కలం పెట్టరు. అయితే 2022 మార్చి 1 తర్వాత కుదిరిన ఒప్పందాలకు కొంత ఊరట ఉంది. తొలి గడువు ముగిశాక మరో ఏడాదికి దానంతటదే పొడిగించే పాత పద్ధతి ఇప్పుడు చెల్లదు, ఆ గడువు దాటాక ఒక నెల నోటీసుతో ఎప్పుడైనా బయటపడవచ్చు. ఆన్‌లైన్‌లో ఇటువంటి ఒప్పందాలు చేసుకునే సంస్థలు రద్దు బటన్‌ను కూడా అక్కడే ఉంచాలన్న నిబంధన అదే ఏడాది జూలై 1 నుంచి అమల్లో ఉంది.

అమెరికాలో ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్‌లో చేరిన 3 రోజుల లోపు, కాలిఫోర్నియాలో 5 పనిదినాల లోపు మనసు మార్చుకునే వీలుంది. 25 మైళ్లకు మించిన దూరానికి ఇల్లు మారితే, ఆ సంస్థ జిమ్ మరొకటి దగ్గరలో లేని పక్షంలో, ఒప్పందం రద్దు చేసుకునే హక్కునూ ఆ రెండు రాష్ట్రాల చట్టాలు ఇస్తున్నాయి. బ్రిటన్‌లో ప్యూర్‌జిమ్, ద జిమ్ గ్రూప్ వంటి చవక జిమ్‌లు గడువు లేకుండా నెలనెలా సాగే పద్ధతినే ప్రధానంగా అమ్ముతాయి. కొత్తగా వెళ్లినవారికి నేను సూచించేది అదే పద్ధతి. నెలకు కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు, ఇల్లు ఖరారయ్యేదాకా గడువున్న ఒప్పందం జోలికి వెళ్లకండి.

అపోహ: బోర్డు మీద రాసిన ధరే మనం కట్టే ధర.

ఇక్కడ బోర్డు మీద ధర కంటే తక్కువ కడతాం, పండగ ఆఫర్ అనో స్నేహితుడితో కలిసి చేరుతున్నామనో బేరమాడి తగ్గించుకుంటాం. అక్కడ పెద్ద సంస్థల్లో బేరం దాదాపు సాగదు, పైగా బోర్డు మీద కనిపించని ఖర్చు తర్వాత బయటపడుతుంది. ఆస్ట్రేలియాలో ధరను వారానికి చెబుతారు, సొమ్మును రెండు వారాలకోసారి ఖాతా నుంచి తీసుకుంటారు. వారానికి 15 డాలర్లు అనగానే మనవాళ్లు నాలుగుతో హెచ్చించి నెలకు 60 అనుకుంటారు. ఏడాదికి 52 వారాలు, అంటే ఖాతా నుంచి 26 కోతలు. మొత్తం 780 డాలర్లు, నెలకు 65 పడుతుంది. నాలుగు వారాలకోసారి వసూలు చేసే చోట ఏడాదికి 12 కాదు, 13 సార్లు కడతారు. అమెరికాలో నెలవారీ రుసుము కాకుండా వార్షిక రుసుము విడిగా ఉండటం మామూలే. ప్లానెట్ ఫిట్‌నెస్ అనే చవక జిమ్ సంస్థ సంగతే తీసుకుంటే, ఏళ్ల తరబడి 10 డాలర్లుగా ఉన్న ప్రాథమిక నెలవారీ ధర 2024 వేసవిలో కొత్త సభ్యులకు 15 అయింది, వార్షిక రుసుము దానికి అదనం. కాబట్టి కౌంటర్ దగ్గర అడగవలసిన ప్రశ్న "నెలకు ఎంత?" కాదు. "మొదటి 12 నెలల్లో నా ఖాతా నుంచి మొత్తం ఎంత పోతుంది?" అని అడగండి, వీలైతే ఆ జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

అపోహ: విదేశీయులకు పేరున్న ప్రైవేటు జిమ్ తప్ప వేరే దారి లేదు.

ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ, ఎందుకంటే డబ్బు కట్టి కూడా వాడుకోని వసతి కళ్లెదుటే ఉంటుంది. అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాల్లో వినోద కేంద్రం రుసుము సెమిస్టర్ ఫీజులోనే కలిసి ఉంటుంది. ఫీజు రసీదులో ఆ వరుస ఎక్కడుందో వెతకకుండా బయట జిమ్‌కి కార్డు ఇచ్చేసే విద్యార్థులు ఎందరో. వేసవిలో కోర్సు తీసుకోకపోతే కొన్నిచోట్ల విడిగా కట్టాల్సి వస్తుంది, అది మాత్రం ముందే కనుక్కోవాలి. జర్మనీ విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాలు విద్యార్థులకు బయటి ధరల కంటే బాగా తక్కువకు తరగతులు నడుపుతాయి. కెనడాలో నగరపాలక సంస్థల సామాజిక కేంద్రాల్లో ఏ రోజుకు ఆ రోజు డబ్బు కట్టి వ్యాయామం చేసుకోవచ్చు. ఆదాయం తక్కువ ఉన్నవారికి వైఎంసీఏలు రుసుము తగ్గించే పద్ధతి కూడా అక్కడా, అమెరికాలోనూ ఉంది. సింగపూర్‌లో యాక్టివ్‌ఎస్‌జీ పేరుతో ప్రభుత్వ సంస్థ నడిపే జిమ్‌లకు విదేశీయులూ వెళ్లవచ్చు.

ఉద్యోగులైతే ముందు హెచ్ఆర్ విభాగాన్ని అడగాలి. స్వీడన్‌లో వ్యాయామ ఖర్చుల కింద ఏడాదికి 5,000 క్రోనార్ల వరకు పన్ను పడకుండా ఉద్యోగికి ఇచ్చే వీలు యాజమాన్యాలకు ఉంది. రసీదు సమర్పిస్తేనే ఆ సొమ్ము వస్తుంది, అడగకుండా ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు.

అపోహ: అక్కడి జిమ్‌లలో ట్రైనర్లు బాగా చూసుకుంటారు.

హైదరాబాద్ జిమ్‌లో ఫ్లోర్ ట్రైనర్ మన చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. బార్ ఎత్తుతుంటే వెనక నిలబడతాడు, సెట్లు లెక్కపెడతాడు, ప్లేట్లు కూడా తనే మారుస్తాడు. ఈ అలవాటుతో 24 గంటలూ తెరిచి ఉండే చవక జిమ్‌లో అడుగుపెట్టినవారు రాత్రి పదకొండుకు అక్కడ మనిషే లేడని తెలిసి కంగారుపడతారు. తలుపు పిన్ నంబరుతోనో ఫోన్‌తోనో తెరుచుకుంటుంది, లోపల కెమెరాలు ఉంటాయి, అంతే. వ్యక్తిగత శిక్షణ దొరకదని కాదు, కానీ గంట లెక్కన విడిగా కట్టాలి. విద్యార్థి బడ్జెట్‌కి అది భారమే.

అందుకే వెళ్లే ముందు మా దగ్గర నేను కండలు పెంచే పనికంటే ఒంటరిగా చేసుకునే పద్ధతి నేర్పడానికే ఎక్కువ సమయం తీసుకుంటాను. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, ఓవర్‌హెడ్ ప్రెస్ సరైన భంగిమలో రావాలి. ర్యాక్‌లో (బార్‌ను ఆనించే ఇనుప చట్రంలో) రక్షణ కడ్డీలను బెంచ్ మీద పడుకున్నప్పుడు ఛాతీ ఎత్తుకు ఒక అంగుళం కిందుగా బిగించడం, అటూ ఇటూ రెండూ ఒకే రంధ్రంలో ఉన్నాయో లేదో చూసుకోవడం చేతికి అలవాటు కావాలి. ఛాతీ ఎత్తి పట్టుకున్నప్పుడు బార్ కడ్డీలకు తగలకూడదు, బరువు మోయలేక ఛాతీని దించేస్తే బార్ మెడ మీదికి రాకుండా కడ్డీల మీద ఆగాలి. ఆ ఒక్క అంగుళం కుదిరితే పక్కన మనిషి లేకపోయినా భయం లేదు.

అమెరికాలో ఇంకో తికమక, పౌండ్లు. అక్కడి బార్ 45 పౌండ్లు, అంటే మన 20 కిలోల బార్ లాంటిదే. దానికి ఒక్కో పక్క 45 పౌండ్ల ప్లేటు ఒకటి ఎక్కిస్తే 135 పౌండ్లు, సుమారు 61 కిలోలు. ఇక్కడ 60 కిలోల బెంచ్ చేసినవారు ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే మిగతావి దాని చుట్టూ సర్దుకుంటాయి. అన్నట్టు, పైన చెప్పిన ప్లానెట్ ఫిట్‌నెస్ శాఖల్లో సాధారణంగా విడి బార్‌బెల్ ర్యాక్ ఉండదు, బార్ నిలువు పట్టాల వెంటే కదిలే స్మిత్ మెషిన్ ఉంటుంది. నడక, తేలికపాటి బరువులు చాలనుకునేవారికి అది ఇబ్బంది కాదు, బార్‌తో పెరగాలనుకునేవారికి చాలదు. చేరే ముందు ఒకరోజు ఉచితంగానో తక్కువ రుసుముతోనో ప్రయత్నించే అవకాశం చాలాచోట్ల ఇస్తారు. జర్మనీలో దాన్ని ప్రోబెట్రైనింగ్ అంటారు. దానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి. మీరు రోజూ వెళ్లబోయే వేళకే, ఆఫీసు నుంచో కాలేజీ నుంచో నేరుగా వెళ్లి చూడండి. ర్యాక్ కోసం ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో, జనవరి చలిలో బస్ స్టాప్ నుంచి నడవగలరో లేదో అప్పుడే తెలుస్తుంది.

అపోహ: మనల్ని వింతగా చూస్తారు.

చూడరు. ఎవరి హెడ్‌ఫోన్లు వారివి. చిరాకు పడేది మన అలవాట్లకే. జర్మనీలో బెంచ్ మీద తువ్వాలు పరవకుండా పడుకుంటే సిబ్బంది వచ్చి చెబుతారు, వీధిలో తొడిగిన బూట్లతో లోపలికి రానివ్వని జిమ్‌లూ ఉన్నాయి. ప్లేట్లు ఎక్కడివక్కడ సర్దడం, చెమట తుడవడం, ఇతరులు ఫ్రేములో పడేలా వీడియో తీయకపోవడం ఏ దేశంలోనైనా అవసరం. బ్రిటన్‌లో లాకర్‌కి తాళం చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి. ఇక్కడి లేడీస్ టైమింగ్‌కు అలవాటుపడిన అమ్మాయిలు మహిళలకు ప్రత్యేక గది ఉందా అని సంకోచం లేకుండా అడగవచ్చు. కొన్ని సంస్థల్లో ఉంటుంది, దుబాయ్‌లోనైతే పూర్తిగా మహిళలకే కేటాయించిన జిమ్‌లు కూడా దొరుకుతాయి.

అపోహ: సెలవుకు ఇండియా వస్తే ఆ నెల డబ్బు పోయినట్టే.

డిసెంబరులో ఇంటికి వచ్చేవారు తరచూ వదులుకునే సొమ్ము ఇది. అనేక సంస్థలు సభ్యత్వాన్ని తాత్కాలికంగా నిలిపివేసే వీలు కల్పిస్తాయి. కొన్ని చిన్న రుసుము తీసుకుంటాయి, కొన్ని ఆపిన నెలలను గడువు చివర కలుపుతాయి. తర్వాతి కోత తేదీకి ముందే కోరాలి, శంషాబాద్‌లో దిగాక గుర్తొస్తే ఆ నెల కోత జరిగిపోయి ఉంటుంది. టికెట్ బుక్ చేసిన రోజే ఆ దరఖాస్తు కూడా పంపేసి, నిలిపివేసినట్టు వచ్చే ఈమెయిల్‌ను దాచుకోండి. ఇక్కడున్న ఆ నాలుగు వారాలకు కూకట్‌పల్లిలో నెల ప్యాకేజీ తీసుకోవచ్చు, దానికి బేరం కూడా ఆడవచ్చు.