గేదెకు లేని కాగితం

చిరంజీవులు బుజ్జికి, పండుకు తాతయ్య ఆశీస్సులు.

"ఇల్లు కొనేది మనం, ఉండేది మనం, మరి అప్పిచ్చే బ్యాంకుకి ఇన్ని కాగితాలెందుకు తాతయ్యా?" అని నిన్న ఫోన్లో అడిగారు కదా. నాన్న మంచం నిండా కాగితాలు పరిచి ఫ్యాను కూడా వేయనివ్వడం లేదట. నోటితో చెబితే సగం మరిచిపోతారని రాస్తున్నాను.

నాకు పదేళ్ళప్పుడు మా నాన్న పాడిగేదెను కొనడానికి సంతకు వెళుతూ నన్నూ తీసుకెళ్ళాడు. గేదె నోరు తెరిచి పళ్ళు చూశాడు. పొదుగు తడిమాడు. నాలుగడుగులు నడిపించి, అక్కడే పాలు పిండించాడు. బ్యాంకు చేసేదీ అదే. పళ్ళు చూసినట్టు దస్తావేజు, ప్లాను అప్రూవల్ చూస్తుంది. నడిపించి చూసినట్టు ఇంజనీరును పంపి ఇంటికి విలువ కట్టిస్తుంది. మరి కొన్నాక మేపగలమా, అంటే అప్పు తీర్చగలమా? అందుకే నాన్న జీతం స్లిప్పులు, జీతంలో పన్ను ఎంత కోశారో చూపే ఫారం-16, 6 నెలల బ్యాంకు స్టేట్‌మెంటు. బండి లోను సంగతి కూడా నాన్న ముందే చెప్పేశాడట, మంచి పని చేశాడు. ఉన్న అప్పును ఎప్పుడూ దాచకూడదు.

అంత చూసి ఆ గేదెను కొన్నామా, ఎనిమిదో రోజు పొద్దున్నే పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చి గుంజ పక్కన కూర్చున్నాడు. "దీని మీద నేను అప్పిచ్చాను, అది తీరితేగానీ గేదెను వదలను" అన్నాడు. మా అమ్మ పాలచెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెద్దమనుషులు కూర్చున్నారు. అమ్మినవాడు ఊళ్ళో లేడు. చివరికి మా నాన్నే ఇంకొంత డబ్బు కట్టాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

గేదెకు కాగితం లేదు గానీ ఇంటికి ఉంది. దాన్ని ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ అంటారు. ఆ స్థలాన్ని ఎవరు ఎవరికి అమ్మారో, ఎక్కడ తాకట్టు పెట్టారో, రిజిస్టరు అయినవన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయి. నాన్నను 30 ఏళ్ళ ఈసీ తెమ్మన్నారట. దానితో పాటు లింకు డాక్యుమెంట్లు, అంటే చేతులు మారిన ప్రతిసారీ రాసుకున్న దస్తావేజులు.

ఇంకో చిక్కు పేరు. నాన్నకు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాన్‌లో ఒక్క అక్షరమే ఉంది. ఆ టెన్షన్‌తోనే మూడు రోజులు తిరిగాడు. మీ పేర్లు స్కూల్లో, ఆధార్‌లో ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

అప్పు తీరేదాకా అసలు దస్తావేజులు బ్యాంకు దగ్గరే ఉంటాయి. గేదె మన దొడ్లోనే ఉంటుంది, పలుపు వాళ్ళ చేతిలో ఉంటుంది. అప్పు మొత్తం తీరాక 30 రోజుల్లో కాగితాలు తిరిగివ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో చెప్పింది.

ఇప్పుడు మీకో పని. నాన్నను అడిగి ఆ లింకు డాక్యుమెంట్లలో అన్నిటికంటే పాతది చూడండి. చేతులు కడుక్కుని ముట్టుకోండి, మడతల దగ్గర చిరుగుతుంది. చివర్లో హద్దులు ఉంటాయి. తూర్పున ఎవరిదో చేను, ఉత్తరాన డొంక అని రాసి ఉందని నాన్న చెప్పాడు. అంటే ఎద్దుల బళ్ళు నడిచిన దారి. ఆదివారం గోరంట్ల వెళ్ళినప్పుడు ఆ స్థలంలో ఉత్తరం వైపు తిరిగి నిలబడండి. ఇప్పుడు అక్కడ ఏముందో నాకు రాయండి.

మీ తాతయ్య