మీ చేమంతికి చీకటి కావాలి

చిట్టితల్లికి, నానిగాడికి, అమ్మమ్మ దీవెనలు.

దసరా సెలవుల్లో మీరు మొదలుపెట్టి వెళ్లిన పనులు ఎంతవరకు వచ్చాయని నాని మొన్న ఫోన్లో అడిగాడు కదా, నేను చెప్పడం మొదలుపెట్టేసరికి హోంవర్కు అంటూ మీ అమ్మ ఫోన్ లాగేసుకుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. ముందు చేమంతి సంగతి. అది ఇంకా ఆలస్యం చేస్తే ఈ ఏడాది పూలు చూడలేరు.

మీరు హైదరాబాద్ పట్టుకెళ్లిన కుండీ, నా దగ్గరున్న రెండు కుండీలూ ఒకే తల్లిమొక్క పిలకలు. అదే మట్టి, అదే పశువుల ఎరువు, నీళ్లు కూడా ఇంచుమించు ఒకేలా పోస్తున్నాను. పాక వెనకాల ఉన్న కుండీలో నిన్న లెక్కపెడితే ఇరవై మూడు మొగ్గలున్నాయి, ఒక్కోటి కందిగింజంత, పైన ఆకుపచ్చ రేకులు గట్టిగా మూసుకుని. గుమ్మం ముందు వీధిదీపం కింద ఉన్నదాంట్లో మాత్రం ఒక్కటంటే ఒక్క మొగ్గ లేదు, ఆకు మాత్రం ఇంతింత. మీ బాల్కనీ కుండీలో కూడా ఆకులే అన్నావు కదరా నానీ, ఎరువు తక్కువైందేమో అన్నావు. ఎరువు కాదు నాన్నా, వెలుతురు ఎక్కువైంది.

మొన్న కడియపులంక వెళ్లి బంతినారు కొనేటప్పుడు అక్కడి నర్సరీ ఆయన్ని అడిగాను. చేమంతి రాత్రి ఎంత పొడుగుందో చూసుకుని మొగ్గ వేస్తుందట. మన వైపు జూన్‌లో పగలు పదమూడు గంటల దాకా ఉంటుంది, డిసెంబరుకి పదకొండు గంటలకి తగ్గుతుంది, అంటే ఆశ్వయుజం దాటాక రాత్రులు సాగుతాయన్నమాట. ఆ పొడుగు రాత్రి ఎక్కడా తెగకుండా వరసగా కొన్ని వారాలు దొరికితేనే మొక్క ఆకు వేయడం ఆపి మొగ్గ తొడుగుతుంది. మధ్యలో లైటు పడితే దాని లెక్కలో అది ఒక పెద్ద రాత్రి కాదు, రెండు చిన్న రాత్రులు. పూలతోటల వాళ్లు దీన్ని తమకి పనికొచ్చేలా వాడుకుంటారు కూడా, పూత కొన్నాళ్లు ఆలస్యం కావాలంటే తోటలో రాత్రిపూట బల్బులు వేస్తారు. ఇది విన్నాక ఇంటికొచ్చి గుమ్మం ముందు కుండీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను, పాపం రెండు నెలలుగా దాన్ని నేనే ఆపేశాను కదా అనిపించింది.

మీ బాల్కనీలో ట్యూబ్‌లైటు పదకొండింటి దాకా వెలుగుతుంది, ఆ తర్వాత ఎదురు అపార్ట్‌మెంటు లైటు ఎలాగూ పడుతుంది. అందుకని ఇలా చేయండి. ఇంట్లో పెద్ద అట్టపెట్టె ఏదైనా ఉంటుంది, అమ్మని అడగండి. సాయంత్రం ఆరింటికి కుండీ మీద బోర్లించి, సందుల్లోంచి వెలుతురు రాకుండా పైన నల్లగుడ్డ కప్పి, మళ్లీ పొద్దున ఏడింటికి తీయండి. పగలంతా ఎండలోనే ఉండాలి. రోజూ అదే టైముకి, ఒక్కరోజు కూడా మానకుండా మూడు నాలుగు వారాలు, మొగ్గలు కంటికి కనపడేదాకా. చిట్టితల్లీ, నీకే ముఖ్యంగా చెబుతున్నాను, మొగ్గ వచ్చిందేమోనని రాత్రిపూట పెట్టె ఎత్తి టార్చి వేసి చూడకూడదు. నా గుమ్మం ముందుదాన్ని కూడా నిన్ననే పాక వెనక్కి మార్చేశాను, ఎవరి దాంట్లో ముందు మొగ్గ వస్తుందో చూద్దాం.

మీరు తాళ్లు కట్టి వెళ్లిన చిక్కుడు పాదుదీ ఇదే కథ. పందిరికి పాక వైపు సగం ఊదారంగు పూత విరగబూసింది, గెలలు నిలబడి ఉన్నాయి, అడుగున పిందెలు దిగాయి. వీధిదీపం వైపు సగంలో పూత చాలా తక్కువ. నాటు పందిరి చిక్కుడు ఎప్పుడు గింజ పెట్టినా చలిగాలి మొదలయ్యాకే పూస్తుందని మా అమ్మ అనేది, అసలు కారణం రాత్రి పొడుగని ఇప్పుడు తెలిసింది. సంతలో ఏడాదంతా దొరికే పొట్టి చిక్కుడు వేరే రకం, దానికి ఈ పట్టింపు లేదు. బంతికి కూడా ఇంత పట్టింపు ఉండదు. పందిరి గుంజలకి ఇంకో వరస తీగ బిగించాను, ఈ నెలలో మన కోనసీమ గాలిని నమ్మలేం. 1996 నవంబరు 6 తుఫానుకి కొబ్బరితోటలు నేలకొరిగింది నేను కళ్లారా చూశాను, అప్పటినుంచి సార్వా వరి కోతలయ్యేదాకా ఆకాశం కాస్త మబ్బేసినా నాకు టెన్షనే.

ఇక కంద. నాని పుల్ల పాతి గుర్తుపెట్టిన మొక్క ఉంది చూడు, దాని గొడుగులాంటి ఆకు పసుపు పచ్చబడి, పోయిన వారం కాడతో సహా వాలిపోయింది. అలా వాలితే లోపల దుంప ఊరినట్టు. పలుగుతో దూరం నుంచి చుట్టూ తవ్వాలి, దగ్గరగా పొడిస్తే దుంప తెగి కుళ్లిపోతుంది. మీ తాతయ్య తవ్వి తీస్తే తూకానికి మూడు కిలోల పైమాటే, మట్టి దులిపితే ఏనుగు పాదంలా ఉంది.

పోయినేడు చిట్టితల్లి కంద ముక్క పట్టుకుని చేతులు దురదలని ఏడ్చింది గుర్తుందా? కందలో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం సూదుల్లాంటి సన్నటి పలుకులుగా ఉంటుంది. కంటికి కనపడవు గానీ చర్మంలో గుచ్చుకుంటాయి. అందుకే చేతులకి నూనె రాసుకుని తరుగుతాం, చింతపండు వేసి వండుతాం, పులుపు తగిలితే నోట్లో దురద తగ్గుతుంది. సగం దుంపతో కంద బచ్చలి చేశాను. కంద ముక్కలు, తరిగిన బచ్చలి కలిపి పసుపు వేసి మెత్తగా ఉడికించి, నీళ్లు వంచి గరిటెతో కాస్త మెదిపి, చిక్కటి చింతపండు పులుసు, ఉప్పు వేసి దగ్గరపడనిచ్చి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టి దింపేశాక, అప్పుడు నూరిన ఆవ కలపాలి. ఆవ పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోయి చేదెక్కుతుంది. మీ అమ్మ ఎప్పుడూ తొందరపడేది ఇక్కడే, చెప్పండి. మిగతా సగం దుంప మీకోసం ఇసకలో పెట్టి ఉంచాను.

వత్తులు మీరు చేసినవి కార్తీక పౌర్ణమికి సరిగ్గా సరిపోయాయి.

లేసు గురించి చిట్టితల్లికి చెప్పాలి. నువ్వు అల్లిన పువ్వు బల్ల మీద పరిస్తే పడుకోవడం లేదు, గిన్నెలా పైకి లేస్తోంది. నువ్వేమీ పాడు చేయలేదమ్మా, లెక్క తప్పింది అంతే. ఆరు గొలుసులు వేసి గుండ్రంగా కలిపావు, బాగుంది. రెండో వరస పదహారు పొడుగు కుట్లు, అదీ బాగుంది. మూడో వరసలో ఒక్కో కుట్టులో రెండేసి వేసి ముప్పై రెండు చేయాలి, నేను లెక్కపెడితే ఇరవై ఏడే ఉన్నాయి. చుట్టు పెరిగేకొద్దీ కుట్లు కూడా పెరగాలి, తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్లలా అలలు పోతుంది. మా అమ్మ కళ్లు మూసుకుని అల్లేది, అయినా ప్రతి వరస చివరా వేలితో తడిమి లెక్క చూసుకునేది. అప్పట్లో పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపి అతుకుపని చేసేవాళ్లు వేరు, పువ్వుకింత అని డబ్బులిచ్చేవారు, ఆ డబ్బుల్తోనే నాకు పుస్తకాలు కొనేది. నరసాపురం లేసుకి 2024లో జీఐ ట్యాగ్, అంటే అది ఆ ప్రాంతపు ప్రత్యేకమైన పనితనమని ప్రభుత్వ గుర్తింపు, వచ్చిందని పేపర్లో చదివినప్పుడు మా అమ్మ ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

నీ పువ్వుని మూడో వరస దాకా విప్పి, దారం జారిపోకుండా కొక్కెం సూది అలాగే గుచ్చి, బిస్కెట్ డబ్బాలో పెట్టాను. నేను పూర్తి చేయను, సంక్రాంతికి వచ్చి నువ్వే చెయ్యాలి. దారం తక్కువ పడుతుందని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి అదే తెలుపులో రెండు ఉండలు తెచ్చాను. తెలుపులో కూడా తేడాలుంటాయి, పాత ముక్క పక్కన పెట్టి చూసి మరీ కొన్నాను.

ఈరోజే పెట్టె వెతకండి. ఆదివారం పొద్దున పెట్టె తీశాక కుండీ ఫోటో తీసి పంపండి, కొస ఆకుల దగ్గరగా తియ్యండి, మొగ్గ వచ్చేది అక్కడే.

మీ అమ్మమ్మ