పూయలేదని పీకేయకండి

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది, దానితో పంపిన ఫొటో కూడా చూశాను. వసంతంలో విత్తిన రుడ్బెకియా అనే పూలమొక్క ఇన్ని నెలలైనా పూయలేదనీ, నేలకు కరుచుకున్న నాలుగు ఆకుల గుత్తి తప్ప ఏమీ రాలేదనీ, దాన్ని పీకేసి ఇంకేదైనా వేద్దామా అనీ అడిగారు. పీకకండి. ఆ మొక్క ఊరికే కూర్చోలేదు. చేయవలసిన పని చేస్తూనే ఉంది, మీ కంటికి కనబడని చోట చేస్తోంది, అంతే.

బంతి మొక్కను గుర్తు తెచ్చుకోండి. గింజ మొలవడం, పెరగడం, పూయడం, మళ్లీ గింజ కట్టడం, ఎండిపోవడం అన్నీ ఒక్క ఏడాది లోపలే. అందుకే దానికి తొందర. ఇలాంటి వాటిని ఏకవార్షికాలు అంటారు. ఏళ్ల తరబడి బతికే బహువార్షికాల లెక్క వేరు. మొదటి ఏడాది ఆకులు వండిన ఆహారంలో పెద్ద వాటా వేళ్లకే పోతుంది. ఆ కూడబెట్టినదే రెండో ఏడాది కాడలై లేచి పూలవుతుంది. త్వరగా విత్తినవి కొన్ని మొదటి ఏడే పూస్తాయి, మీది పూయకపోతే అది లోపం కాదు.

మీరు విత్తిన రకం పేరు రుడ్బెకియా హిర్టా. ఒక ఆకును వేళ్ల మధ్య పట్టుకుని రుద్ది చూడండి, గరుకుగా, నూగుతో ఉంటుంది. లాటిన్‌లో హిర్టా అంటే వెంట్రుకలు గలది అని. రుడ్బెకియా అన్నది మాత్రం మనుషుల పేరు. మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ 1730లో ఇంకా పేద విద్యార్థిగా ఉన్నప్పుడు, స్వీడన్‌లోని ఉప్సాలాలో ఓలాఫ్ రుడ్బెక్ అనే ఆచార్యుడు అతన్ని తన ఇంట్లో ఉంచుకుని పిల్లలకు చదువు చెప్పమన్నాడు. ఆ గురువుకూ, ఆయన తండ్రికీ గుర్తుగా లిన్నేయస్ ఈ మొక్కకు వాళ్ల ఇంటిపేరు పెట్టాడు. చేసిన మేలును ఒక పువ్వులో దాచిపెట్టిన ఆ శిష్యుడంటే నాకు ఎంతో ఇష్టం.

ఇంగ్లిషులో దీన్ని బ్లాక్ ఐడ్ సుసాన్ అంటారు, నల్లకళ్ల సుసాన్ అన్నమాట. ఉత్తర అమెరికా గడ్డి మైదానాలు దీని పుట్టిల్లు. అక్కడి మేరీలాండ్ రాష్ట్రం 1918లో దీన్ని తమ రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. గింజలు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: నారింజ రంగులో పూసే ఒక తీగకు కూడా ఇదే పేరుంది. అది థన్‌బర్జియా, ఆఫ్రికా మొక్క. దీనికీ దానికీ చుట్టరికం లేదు. కాబట్టి పొట్లం మీద రుడ్బెకియా అని ఉందో లేదో చూసి తీసుకోండి.

ఇక ఆ నల్ల కన్ను సంగతి. వచ్చే ఏడు మొదటి పువ్వు విచ్చినప్పుడు భూతద్దం పట్టుకుని దాని ముందు కూర్చోండి. చుట్టూ పసుపు రేకలు 8 నుంచి 16 దాకా ఉంటాయి. మధ్యలో గుండీలా ఉబ్బిన భాగం నల్లగా కనిపిస్తుంది కానీ, దగ్గరగా చూస్తే ముదురు గోధుమరంగు. అది ఒక్క వస్తువు కాదు, వందల కొద్దీ చిన్న పూలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ గుంపు. మనం పువ్వు అంటున్నది నిజానికి పూల సభ. పొద్దుతిరుగుడు, చామంతి, బంతి కూడా ఈ కుటుంబానివే.

ఈ చిన్న పూలన్నీ ఒకేసారి విచ్చుకోవు. అంచున ఉన్న వరుస ముందు, దాని లోపలి వరుస తర్వాత, అలా కొన ఎక్కుతాయి. విచ్చిన ప్రతి పువ్వులోనూ కేసరాలు కలిసి ఒక సన్నని గొట్టం కడతాయి, పుప్పొడి ఆ గొట్టం లోపలికి రాలుతుంది. అప్పుడు కింద నుంచి కీలం, అంటే పువ్వు నడిమి సన్నని కాడ, పెరుగుతూ, పిచికారీలో కడ్డీలాగా ఆ పుప్పొడిని పైకి నెట్టుతుంది. పుప్పొడిని తేనెటీగలు పట్టుకుపోయాక కీలం కొన రెండుగా చీలి, వేరే పువ్వు నుంచి వచ్చే పుప్పొడి కోసం చేతులు చాస్తుంది. అందువల్లే మీకు ముదురు గుండీ చుట్టూ పసుపు పొడి అద్దిన ఉంగరం కనిపిస్తుంది. ఇవాళ అడుగున ఉన్న ఉంగరం కొన్నాళ్లకు నడుము దగ్గరికి, ఆపైన కొనకు చేరుతుంది. నేను ఎన్నోసార్లు చూశాను, ఇప్పటికీ ఆ ఉంగరం ఎక్కడిదాకా వచ్చిందో చూడకుండా పొద్దున్నే ఇంట్లోకి రాలేను.

తేనెటీగ చూసే పువ్వు ఇంకోలా ఉంటుంది. మనకు రేక మొత్తం ఒకే పసుపు. కానీ రేక మొదట్లో అతినీలలోహిత కాంతిని పీల్చేసే పదార్థాలు ఉన్నాయి, చివర్లు మాత్రం ఆ కాంతిని తిప్పికొడతాయి. మన కన్ను ఆ కాంతిని పట్టలేదు, తేనెటీగ కన్ను పట్టగలదు. దానికి ఈ పువ్వు మధ్యలో పెద్ద ముదురు వలయం కనిపిస్తుంది, తేనె ఇక్కడుంది అని గీత గీసి చూపినట్టు. ఆ పదార్థాలు ఏమిటో శాస్త్రవేత్తలు 1972లో ఈ హిర్టా పువ్వులోనే గుర్తించారు.

పెంచడం కష్టమేమీ కాదు. గింజలు చాలా చిన్నవి, మొలవడానికి వెలుతురు సాయపడుతుంది. కాబట్టి లోతుగా పాతకండి. తడి మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా అదిమితే చాలు. 20 నుంచి 24 డిగ్రీల వెచ్చదనంలో ఒకటి నుంచి మూడు వారాల్లో మొలుస్తాయి. నారు కాస్త ఎదిగాక మొక్కకూ మొక్కకూ మూరెడు, అంటే 45 సెంటీమీటర్ల దూరం ఇచ్చి నాటండి. రోజుకు కనీసం 6 గంటలు సూటిగా ఎండ తగలాలి. నీడలో కాడలు వెలుగు కోసం సాగి వాలిపోతాయి. ఎరువు ఎక్కువైనా అంతే, ఆకు దట్టంగా వచ్చి పువ్వు తగ్గుతుంది. నాటేటప్పుడు కాస్త చివికిన ఎరువు కలిపితే చాలు. మొదటి ఏడు మాత్రం నేల ఎండకుండా చూసుకోండి, వేళ్లు లోతుకు దిగాక అది తన నీళ్లు తాను వెతుక్కుంటుంది.

నీళ్లు పోసేటప్పుడు ఆకుల మీద పోయకండి, మొదట్లో పోయండి. ఇది చిన్న మాటగా తీసుకోవద్దు. ఆకుమచ్చ తెగులు బీజాలు మట్టి నుంచి, కింది ఆకుల నుంచి నీటి చిందులతోనే పైకి ఎక్కుతాయి. ముదురు మచ్చలు కనిపిస్తే ఆ ఆకులు తుంచి దూరంగా పారేయండి. గాలి ఆడకుండా ఇరుకుగా నాటితే బూడిద తెగులు కూడా వస్తుంది.

వాడిన పూలను కాడతో సహా కింది ఆకు దాకా కత్తిరిస్తూ ఉంటే కొత్త మొగ్గలు వస్తూనే ఉంటాయి. కానీ కాలం చివర్లో కొన్నింటిని వదిలేయండి. పిట్టలు ఆ ఎండిన గుండీల మీద వాలి గింజలు ఏరుకు తింటాయి. అదీగాక హిర్టా ఆయువు తక్కువ, రెండు మూడేళ్లకు అలసిపోతుంది. రాలిన గింజలే మళ్లీ మొలిచి దాని చోటు నింపుతాయి.

దీనికి అక్కలాంటి రకం ఫుల్గిడా. చాలా ఏళ్లు బతుకుతుంది, నేల కింద పిలకలు వేస్తూ దుబ్బు కడుతుంది. గోల్డ్‌స్టర్మ్ అనే పేరున్న పువ్వు ఇందులోదే, 1999లో ఆ ఏటి మేటి బహువార్షికంగా ఎంపికైంది. నేను తోటపని కొత్తగా మొదలుపెట్టినప్పుడు దాన్నే ఒకటి నాటాను. చలికాలం రాగానే కాడలు కరకరలాడే పుల్లలయ్యాయి, ఆకులు నల్లబడ్డాయి. చచ్చిపోయిందనుకుని పార వేసి తవ్వేశాను. మట్టి గడ్డ తిరగబడగానే చూశాను కదా, పుల్లల మొదట్లో బియ్యపు గింజంత తెల్లని మొలకలు, ఒకటి కాదు, చుట్టూ బోలెడు. వాటి కింద వేళ్లు జాలీ అల్లినట్టు ఉన్నాయి. గబగబా మళ్లీ పూడ్చాను. పార దెబ్బకు తెగిన సగం దుబ్బు కుళ్లిపోయింది, మిగిలిన సగం మరుసటి ఏడు లేచింది. ఆ తెల్లని మొలకలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

ఫుల్గిడాను మూడు నాలుగేళ్లకోసారి విడదీయాలి, లేకపోతే దుబ్బు మధ్య బోలుగా మారి పువ్వు అంచులకే పరిమితమవుతుంది. కొత్త చిగుర్లు తలెత్తే సమయంలో మొత్తం తవ్వి తీసి, ప్రతి ముక్కకూ వేళ్లూ చిగుర్లూ ఉండేలా కోసి, మునుపటి లోతులోనే నాటి, నీళ్లు బాగా పోయండి. గోల్డ్‌స్టర్మ్ లాంటి వాటికి ఇదే సరైన దారి, ఎందుకంటే విడదీసిన ముక్క అచ్చం తల్లిలాగే పూస్తుంది. గింజ నుంచి వచ్చినవి కొంచెం కొంచెం తేడాగా వస్తాయి.

పక్కన ఏం నాటాలని అడిగారు. ఊదారంగు ఎకినేషియా బాగా కలుస్తుంది, దాని గుండీ గుచ్చుకునేంత గరుకు. గ్రీకులో ఒళ్లంతా ముళ్లున్న చిన్న జంతువు పేరే దానికి పెట్టారు. కోరియాప్సిస్ పేరుకు అర్థం నల్లిలా కనిపించేది అని, గింజ చూస్తే మీకే నవ్వు వస్తుంది. చామంతిని మాత్రం తప్పకుండా నాటండి. రుడ్బెకియాకు పగలు పొడవుగా ఉండాలి, అప్పుడే మొగ్గ తొడుగుతుంది. చామంతి పగలు కురచబడే దాకా ఆగుతుంది. ఒకటి సద్దుమణిగేసరికి ఇంకొకటి అందుకుంటుంది.

ఇప్పుడు మీరు చేయవలసింది ఒక్కటే. ఆ ఆకుల గుత్తి పక్కన ఒక పుల్ల గుచ్చి పేరు రాసిన చీటీ కట్టండి, చలికాలంలో ఎవరూ ఖాళీ చోటనుకుని తవ్వకుండా. మొదటి పువ్వు విచ్చిన రోజు తేదీ రాసుకోండి. పసుపు ఉంగరం కొన చేరడానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెట్టి నాకు ఉత్తరం రాయండి. నా దగ్గరున్న పువ్వు లెక్క నేనూ రాసి ఉంచుతాను, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ
అమ్మమ్మ